పన్ను ఎంతో రాసిన పేజీలోనే సేవ ఎంతో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

నగరపాలక సంస్థల బడ్జెట్ అంచనాలు స్థాయీ సంఘాల, అంటే కార్పొరేటర్లు తమలోంచి ఎన్నుకునే చిన్న కమిటీల ముందుకు వచ్చే రోజుల్లో పత్రికల జిల్లా పేజీల్లో ఏటా రెండే రకాల శీర్షికలు చూస్తుంటాం. పన్ను పెంచకపోతే ‘కొత్త భారం లేని బడ్జెట్’ అని, పెంచితే ‘పన్నుల మోత’ అని రాస్తారు. ఆ పన్నుకు బదులుగా వచ్చే ఏడాది మన వీధికి నీళ్లు ఎంతసేపు వస్తాయో, చెత్త బండి వారానికి ఎన్ని రోజులు వస్తుందో, కాలువల్లో పూడిక వానలకు ముందు ఎన్నిసార్లు తీస్తారో ఆ వార్తల్లో ఉండదు. విలేకరులను తప్పుపట్టలేను, ఎందుకంటే స్థాయీ సంఘం సభ్యుల చేతికి ఇచ్చే బడ్జెట్ పుస్తకంలోనే ఆ సమాచారం ఉండదు. రాబడి పద్దులు ఒకవైపు, వ్యయం పద్దులు మరోవైపు, చివర ముగింపు నిల్వ ఉంటాయి. ఏ పన్ను పైసా ఏ సేవగా మారి గడప దాకా వస్తున్నదో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. ఆ కాగితం ఉండాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో కామర్స్ లెక్చరరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇరవై నాలుగు ఫ్లాట్లున్న మా అపార్ట్‌మెంటు సంఘానికి ఆరేళ్లుగా కోశాధికారిని. చాలాకాలం పాటు మా మెయింటెనెన్స్ నెలకు 1,500 రూపాయలుండేది, అంటే మొత్తం 36,000. వాచ్‌మన్ జీతం 11,000, ఊడ్చి తుడిచే ఆమెకు 4,500, ఉమ్మడి కరెంటు బిల్లు 8,500, లిఫ్టు నిర్వహణకు 3,500 పోగా మిగిలిన 8,500తో నీళ్ల ట్యాంకర్లు, మోటారు మరమ్మతులు, చిల్లర ఖర్చులు నడవాలి. ఎండాకాలం వస్తే అవి నడిచేవి కావు. మూడేళ్లు వరుసగా సర్వసభ్య సమావేశంలో ‘రెండు వందలు పెంచుదాం’ అని నేననడం, ‘ఎందుకు పెంచాలి, ఉన్నదాంట్లో సర్దండి’ అని సభ్యులనడం, మేనెల రాగానే ట్యాంకరు కోసం ఇంటింటికీ తిరిగి చేబదులుగా వసూలు చేయడం జరిగేది. నాలుగో ఏడు నేను సొమ్ము గురించి మాట్లాడటం మానేశాను. ఒక చార్టు మీద మూడు గడులు గీసి సెల్లారు గోడకు అంటించాను. నెలకు 1,500 అయితే రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున అయిదు దాకా లిఫ్టు ఆపుతాం, ఎండాకాలంలో ట్యాంకరు ఉండదు. 1,750 అయితే లిఫ్టు ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో వారానికి మూడు ట్యాంకర్లు వస్తాయి. 2,000 అయితే వీటితోపాటు జనరేటరుకూ, అయిదేళ్లకోసారి రంగులకూ నిధి పోగవుతుంది. వారం రోజులు ఆ కాగితం అక్కడే ఉంది. సమావేశంలో 15 మంది 1,750కీ, ఆరుగురు 2,000కీ, ముగ్గురు 1,500కీ చెయ్యెత్తారు. కింది అంతస్తులోని రెండు కుటుంబాలవారు, ‘మేం లిఫ్టు ఎక్కం కదా, దానికి మేమెందుకు ఇవ్వాలి’ అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నీళ్లకూ కాపలాకూ అందరితో సమానంగా ఇస్తూ, లిఫ్టు వాటా కింద నెలకు వంద తగ్గించుకోవడానికి అందరమూ ఒప్పుకున్నాం. ఆ రోజు నుంచి వసూలులో బకాయి దాదాపు లేదు.

నగరం అపార్ట్‌మెంటు కాదని నాకు తెలుసు. మా ఇరవై నాలుగు ఇళ్లలో పూట గడవని కుటుంబం లేదు, నగరంలో వేలల్లో ఉన్నాయి. మా మెయింటెనెన్స్ మేమే తేల్చుకుంటాం, నగరపాలక సంస్థ పన్నుల్లో చాలా భాగం మీద చివరి మాట రాష్ట్ర ప్రభుత్వానిది. అయినా ఆ చార్టులో ఉన్న పద్ధతి, అంటే ప్రతి మొత్తం పక్కనా దానికి దక్కేదీ దక్కనిదీ రాసి చూపడం, ఏ స్థాయికైనా పనికొస్తుందనే నా నమ్మకం.

మన చట్టం ప్రకారం కమిషనరు బడ్జెట్ అంచనాలు తయారుచేసి స్థాయీ సంఘం ముందు పెడతారు, సంఘం పరిశీలించి మార్పుచేర్పులతో కౌన్సిలుకు పంపుతుంది. మహా విశాఖ నగరపాలక సంస్థలో 98 వార్డులున్నాయి, వాటి కార్పొరేటర్లు తమలోంచి పది మందిని స్థాయీ సంఘానికి ఎన్నుకుంటారు. అంకెలను ఒక్కొక్కటిగా విప్పి చూసే అవకాశం నిజంగా ఉన్నది ఆ పది మందికే. కౌన్సిలులో ఒక పూట చర్చలో అన్ని పద్దులూ చూడటం ఎవరి వల్లా కాదు. ఇంకో సంగతి కూడా గుర్తుచేయాలి. 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో ముగిశాక, 2021 మార్చిలో మళ్లీ ఎన్నికలు జరిగే దాకా ఈ నగరానికి ఎన్నికైన కౌన్సిలే లేదు. తొమ్మిదేళ్ల బడ్జెట్లను ప్రత్యేకాధికారులే ఖరారు చేశారు. హుద్‌హుద్ తుపాను తర్వాతి పునర్నిర్మాణం కూడా ఆ కాలంలోనే జరిగింది. అధికారులు శ్రద్ధగా పనిచేసి ఉండవచ్చు, కాని పన్నుకూ సేవకూ మధ్య బేరం ఆడవలసిన ప్రజాప్రతినిధి ఆ గదిలో లేడు. ఆ అలవాటు పోయిన చోట దాన్ని మళ్లీ నేర్చుకోవాలి, అందుకు సరైన సాధనం సభ్యుల చేతిలో పెట్టాలి.

సేవల స్థాయిని కొలవడం ఎలా అన్న సందేహం అక్కర్లేదు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లోనే తాగునీరు, మురుగునీరు, చెత్త, వాననీటి కాలువలు అనే నాలుగు రంగాలకు 28 సూచికలతో సేవా ప్రమాణాలను రూపొందించింది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు, ఇరవై నాలుగు గంటల సరఫరా, మధ్యదారిలో లెక్కకు రాకుండా పోయే నీరు 20 శాతానికి మించకపోవడం, ఇంటింటి చెత్త సేకరణ నూటికి నూరు శాతం, నిర్వహణ ఖర్చు పూర్తిగా రాబట్టడం వాటిలో కొన్ని. కేంద్ర పన్నుల సొమ్ము పంపకాన్ని సూచించే ఆర్థిక సంఘాల్లో పదమూడోది, నగరాలు ఈ ప్రమాణాల్లో ఎక్కడున్నాయో, ఏడాదిలో ఎక్కడికి చేరతాయో గెజిట్‌లో ప్రకటించాలని షరతు పెట్టింది. పదిహేనో ఆర్థిక సంఘం ఇంకొంత ముందుకు వెళ్లి, విశాఖపట్నం, విజయవాడ వంటి పది లక్షలు దాటిన నగర సముదాయాలకు 2021-26 కాలంలో ఇచ్చే గ్రాంటులో మూడింట రెండు వంతులను తాగునీరు, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణల్లో ప్రమాణాలు చేరుకోవడానికి ముడిపెట్టింది. అంటే లెక్కలు కట్టడం మన అధికారులకు కొత్త కాదు, ఢిల్లీకి పంపడానికి కడుతూనే ఉన్నారు. ఆ లెక్కలనే మన కార్పొరేటర్ల ముందు, మన బడ్జెట్ పుస్తకంలో, పన్ను రాబడి పక్కనే పెట్టమని అడగడం పెద్ద కోరికేమీ కాదు.

అలా పెట్టకపోతే ఏమవుతుందో చెత్త రుసుము కథ చెబుతుంది. దీని గురించి కాస్త వివరంగా రాయాలి.

2021 అక్టోబరు 2న రాష్ట్రంలో ‘క్లాప్’ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అనే పారిశుద్ధ్య కార్యక్రమం మొదలైంది. తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం, ప్రమాదకరమైన చెత్తకు ఎరుపు రంగు బుట్టలు ఇళ్లకు పంచారు, కొత్త బండ్లు వచ్చాయి. వాటితోపాటు పెద్ద నగరాల్లో మురికివాడల ఇళ్లకు నెలకు 60, తక్కిన ఇళ్లకు 120 రూపాయల చొప్పున రుసుము వచ్చింది. జనం దాన్ని రుసుము అనలేదు, చెత్త పన్ను అన్నారు. ఏడాదికి 1,440 రూపాయలంటే, 1,500 రూపాయల ఆస్తి పన్ను కట్టే చిన్న ఇంటికి పన్ను దాదాపు రెట్టింపైనట్టు. రెండు గదుల ఇంటికీ రెండంతస్తుల మేడకూ ఒకే మొత్తం. ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎంత చెత్త వేస్తున్నారో, బండి ఎన్ని రోజులు వచ్చిందో వేటితోనూ ఆ 120కి సంబంధం లేదు. మూడేళ్లు తిరిగేసరికి, 2024లో మళ్లీ అక్టోబరు 2నే మచిలీపట్నంలో ముఖ్యమంత్రి ఆ రుసుము రద్దు ప్రకటించారు. తర్వాత చట్టాన్నీ సవరించారు. చిన్న ఇళ్లవారికి అది నిజమైన ఊరట, కాదనను.

కాని వేసిన రోజున గానీ తీసేసిన రోజున గానీ లెక్క ఎవరూ జనం ముందు పెట్టలేదు. వేసినప్పుడు, ఇంటికి 120 వసూలు చేస్తే సేకరణ ఖర్చులో ఎంత భాగం వస్తుంది, మిగతాది ఎక్కడిది అని చెప్పి ఉండాలి. తీసేసినప్పుడు, ఆ సొమ్ము లేకపోయినా బండ్లకు డీజిలు, డ్రైవర్లకు జీతం కావాలి కనుక అవి ఏ పద్దులోంచి వస్తాయి, ఆ పద్దులో దేన్ని తగ్గిస్తున్నాం అని చెప్పి ఉండాలి. సేవ చేసేది నగరపాలక సంస్థ, రుసుము వేసేదీ ఎత్తేసేదీ రాష్ట్ర ప్రభుత్వం. ఈ రెంటికీ మధ్య స్థాయీ సంఘం పాత్ర, వచ్చిన మార్పును తన పుస్తకంలో సర్దుకోవడం వరకే మిగిలింది. నా అభిప్రాయం అడిగితే చెత్తకు కొంత రుసుము ఉండటం తప్పు కాదు, అందరికీ ఒకే రుసుము ఉండటం తప్పు. ఇంటి విస్తీర్ణాన్ని బట్టి, చిన్న ఇళ్లకు పూర్తిగా మినహాయించి, హోటళ్లకు, కల్యాణ మండపాలకు, ఆసుపత్రులకు వాటి చెత్తకు తగినంత విధించి, చెత్తను వేరుచేసి ఇచ్చే ఇళ్లకు తగ్గించి ఉంటే అది నిలిచి ఉండేదేమో.

మా వీధికి బండి ఉదయం ఆరున్నరకు వస్తుంది. బండి వెనక నిలబడే అమ్మాయికి ముప్ఫై ఏళ్లు ఉంటాయి. మేం మేడల్లో ఉండేవాళ్లం, చదువుకున్నవాళ్లం, అన్నం మెతుకులూ పాల ప్యాకెట్లూ పగిలిన గాజుగ్లాసులూ ఒకే సంచిలో ముడివేసి ఇస్తే, ఆమె ఆ ముడి విప్పి, చిరిగిన రబ్బరు తొడుగు వేసుకున్న చేత్తో ఒక్కొక్కటీ వేరు చేస్తుంది. కిందటి శ్రావణంలో ఆమె బొటనవేలికి గుడ్డ చుట్టి కనిపించింది. అడిగితే, ‘గాజుముక్క కోసుకుందమ్మా, ఏం పర్లేదు’ అని మరో సంచి అందుకుంది. బడ్జెట్ పుస్తకంలో ఆమె ‘పారిశుద్ధ్యం’ అనే పద్దులో ఒక అంకె. ఆ పద్దును అయిదు శాతం తగ్గిస్తే మొదట ఆగేది కొత్త చేతి తొడుగుల కొనుగోలు. ఆ సంగతి సంఘం సభ్యులకు తెలిసి తగ్గిస్తే ఒకటి, తెలియక తగ్గిస్తే మరొకటి.

ఇక ఆస్తి పన్ను. మన రాష్ట్రంలో 2020లో చట్టాన్ని సవరించి, ఇంటి అద్దె విలువ మీద పన్ను కట్టే పాత పద్ధతికి బదులుగా 2021-22 నుంచి మూలధన విలువ, అంటే ఆస్తి ధర మీద పన్ను వేసే పద్ధతి తెచ్చారు. నివాసాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా, ఇతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం దాకా పన్ను ఉండవచ్చు. 375 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ఏడాదికి 50 రూపాయలే. పెంపు పాత పన్ను మీద 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. పరిమితి మంచిదే, కాని ఆ 15 శాతమూ ఏటా పడితే 1,000 రూపాయల పన్ను నాలుగేళ్లకు 1,749 అవుతుంది. ఈ మార్పుకు ఒక నేపథ్యం ఉంది. 2020లో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం పెట్టిన షరతుల్లో పట్టణ సంస్కరణలు ఒకటి. ఆస్తి పన్నుకూ నీటి, మురుగునీటి చార్జీలకూ కనీస రేట్లు ప్రకటించడం అందులో ముఖ్యం. ఆ పని పూర్తిచేసిన మొదటి రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. ఆంధ్రప్రదేశ్‌కు అందువల్ల 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి దొరికింది. అప్పు తెచ్చుకునే వెసులుబాటు రాష్ట్రానికి వచ్చింది, పెరిగిన పన్ను నగరవాసి కడుతున్నాడు. అతని వీధికి ఆ పెంపుతో ఏం వచ్చింది అన్న ప్రశ్నకు వార్డులవారీగా జవాబు ఉండాలి. జవాబు ఉంటే చాలామంది సణగకుండానే కడతారని మా సెల్లారు గోడ నాకు నేర్పింది.

పన్ను రసీదు తీసి ఒకసారి చదవండి. ఆస్తి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు అని ఒక వరుస ఉంటుంది, పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. ఇన్నేళ్లు కామర్స్ బోధించిన నేనే చాలాకాలం ఆ వరుసను చదవకుండా కట్టేశాను. అది నగరపాలక సంస్థ ఖర్చు పెట్టుకోవడానికి కాదు, వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు ఇవ్వడానికి. ఎంత వసూలైంది, ఎంత జమ అయింది, ఆ సొమ్ముతో మన శాఖా గ్రంథాలయానికి ఎన్ని పుస్తకాలు వచ్చాయి అన్నది బడ్జెట్ సమయంలో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఒక పేరు పెట్టి వసూలు చేసిన పైసలు ఆ పేరుకే చేరాయని చూపగలిగితే, తక్కిన పన్నులమీద కూడా జనానికి నమ్మకం కుదురుతుంది.

రేటు పెంచడం గురించి ఆలోచించే ముందు సంఘం చూడవలసినవి రెండున్నాయి. ఒకటి బకాయిలు. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను మొత్తం కట్టినవారికి 5 శాతం రాయితీ ఇస్తారు. కట్టనివారికి నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కాని కొన్నేళ్లకోసారి వడ్డీ మాఫీ పథకం వస్తుంది. హైదరాబాదులో 2020లోనూ 2022లోనూ పాత బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ చేశారు, మన రాష్ట్రంలోనూ వడ్డీ మాఫీ ఉత్తర్వులు ఒకటికి రెండుసార్లు వచ్చాయి. వేళకు కట్టినవాడికి అయిదు శాతం, ఏళ్ల తరబడి ఎగవేసినవాడికి వడ్డీలో సింహభాగం మాఫీ అయితే, వచ్చే ఏడాది ఎవరు వేళకు కడతారు? కష్టాల్లో ఉన్న చిన్న ఇంటివారికి వాయిదాలు ఇవ్వండి, వితంతువులకు, పింఛనుమీద బతికేవారికి మినహాయింపులు ఇవ్వండి. వ్యాపార భవనాలకు మాత్రం ఆ మాఫీ వర్తించకూడదు. ఆ మాఫీవల్ల తగ్గిన రాబడి ఎంతో, దానితో ఎన్ని వీధుల కాలువలు బాగుపడేవో బడ్జెట్ పుస్తకంలో రాయాలి.

రెండోది విశాఖకు ప్రత్యేకమైనది. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం, రైల్వే కేంద్రం, అనేక కేంద్ర కార్యాలయాలున్న నగరం. రాజ్యాంగంలోని 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తులమీద స్థానిక సంస్థలు ఆస్తి పన్ను వేయలేవు. అయితే ఆ ప్రాంగణాల ముందు రోడ్డు ఊడవాలి, దీపం వెలగాలి, కాలువ పారాలి. అందుకే రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో 2009లో సుప్రీంకోర్టు ముందు కుదిరిన ఏర్పాటు ప్రకారం, అన్ని సేవలూ వాడుకునే కేంద్ర ఆస్తులు ఆస్తి పన్నులో 75 శాతం, కొన్ని వాడుకునేవి 50 శాతం, ఏవీ వాడుకోనివి మూడో వంతు సేవా రుసుముగా చెల్లించాలి. దేశ రక్షణలో ఉన్న సంస్థలను వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. చట్టబద్ధంగా రావలసిన ఈ రుసుము ఎంత, వచ్చింది ఎంత అన్న పట్టిక లేకుండా, మర్రిపాలెంలోనో గాజువాకలోనో ఉన్న మధ్యతరగతి ఇంటిమీద రేటు పెంచే చర్చ మొదలుపెట్టడం వరస కాదని అంటున్నాను.

ఖర్చు వైపు ఒక్క మాట. గ్రాంటు వస్తే కట్టడం సులువు, నడపడం కష్టం. మా చెల్లెలు ఉండే చిన్న పట్టణంలో, ఆ ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు, ఏడేళ్ల కిందట అందమైన సామాజిక భవనం కట్టారు. పెళ్లి చూపుల కోసం మేమే ఒకసారి అడిగాం. తాళం ఉంది గాని, తాళం తీసే మనిషి లేడు. కాపలాదారు జీతానికి కేటాయింపు లేదని చెప్పారు. కిటికీ అద్దాల వెనక వరుసగా పేర్చిన ప్లాస్టిక్ కుర్చీల మీద వేలు మందాన దుమ్ము కనిపించింది. కొత్త పార్కు, కొత్త ఈతకొలను, కొత్త మార్కెట్ భవనం ఏది స్థాయీ సంఘం ముందుకు వచ్చినా, దాని పక్కన పదేళ్ల నిర్వహణ ఖర్చు, అది ఏ రాబడిలోంచి వస్తుందో రాయకుండా ఆమోదించకూడదు. అప్పుల విషయంలోనూ అంతే. విశాఖ 2018లో 80 కోట్ల రూపాయల మున్సిపల్ బాండ్లు విడుదల చేసింది. బాండు మంచి సాధనమే, కాని దాని వడ్డీ, అసలు రేపటి పన్నులోంచే కదా తీర్చాలి.

అన్నీ పన్నుతోనే బాగుపడతాయని నేను అనడం లేదు. హుద్‌హుద్ వీధి స్తంభాలను పడగొట్టిన తర్వాత నగరంలో పాత దీపాల స్థానంలో 90 వేల పైచిలుకు ఎల్‌ఈడీ దీపాలు పెట్టారు. పెట్టుబడిని కరెంటు పొదుపులోంచి తీర్చే ఏర్పాటుతో కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ ఈఈఎస్ఎల్ ఆ పని చేసింది. వెలుగు పెరిగింది, బిల్లు తగ్గింది, పన్ను పెంచనక్కరలేకపోయింది. నీటిలోనూ అలాంటి పొదుపుకు చోటుంది. ఏలేరు నీళ్లు నూట యాభై కిలోమీటర్ల పైచిలుకు కాలువ దాటి మనదాకా వస్తాయి. అంత దూరం నుంచి తెచ్చి, శుద్ధిచేసి, మోటార్లతో ఎక్కించిన నీటిలో ఒక పాలు పాత గొట్టాల అతుకుల దగ్గర నేలపాలైతే, పోయేది నీరు మాత్రమే కాదు, దాన్ని తోడిన కరెంటు కూడా. లీకులు అరికట్టే పద్దు పెంచితే నీటి చార్జీ పెంచే అవసరం ఎంత తగ్గుతుందో ఇంజినీరింగ్ విభాగం లెక్కగట్టి సంఘానికి ఇవ్వాలి.

పన్నులు వద్దు, ఉన్న సేవలు కొంత తగ్గినా ఫరవాలేదు అనే మిత్రులు నాకున్నారు. వారితో నేను ఏకీభవించలేను. సేవ తగ్గితే ఆ బరువు అందరిమీదా ఒకేలా పడదు. కుళాయి రాకపోతే మా అపార్ట్‌మెంటు ట్యాంకరు తెప్పించుకుంటుంది. కొండవాలు కాలనీలో ఉండే ఆడమనిషి కింది వీధి కుళాయి నుంచి రెండు బిందెలు మోస్తూ తొంభై మెట్లు ఎక్కుతుంది. వీధిదీపం పోతే నేను కారులో ఇంటికి వస్తాను, రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చే పిల్ల ఆ చీకట్లో నడుస్తుంది. పన్ను తగ్గించి మిగిల్చే నాలుగు వందలు నాకు పెద్ద లెక్క కాదు, ఆ నాలుగు వందలతో ఆగిపోయే సేవ ఆమెకు చాలా పెద్దది. అందుకే స్థోమత ఉన్న ఇళ్లమీద, వ్యాపార భవనాలమీద, ఏళ్లుగా కంచె వేసి ఉంచిన ఖాళీ స్థలాలమీద తగిన పన్ను ఉండాలనీ, అది వేళకు వసూలు కావాలనీ నేను బహిరంగంగానే కోరుతున్నాను. నా ఇంటి పన్ను కూడా అందులో ఉంటుంది.

స్థాయీ సంఘానికి నా విన్నపం ఇది. ఈసారి అంచనాలు చర్చకు వచ్చేటప్పుడు తాగునీరు, చెత్త, కాలువలు, వీధిదీపాలు, రోడ్ల అతుకులు అనే అయిదు సేవలకు ఒక్కొక్క పేజీ చొప్పున కమిషనరును అడగండి. ప్రతి పేజీలో మూడు గడులుండాలి. ఇప్పుడున్న పన్నుతో వచ్చే ఏడాది ఏ వార్డుకు ఎంత సేవ అందుతుంది. ఫలానా మేరకు పెంచితే ఎంత పెరుగుతుంది. పెంచకుండా ఖర్చు తగ్గిస్తే ఏ వార్డులో ఏది ఆగుతుంది. నగరం మొత్తానికి సగటు వద్దు, ఎందుకంటే బీచ్‌రోడ్డు వార్డునూ కొండవాలు వార్డునూ కలిపి తీసిన సగటు రెంటిలో ఏ ఒక్కదానికీ నిజం కాదు. మూడు లక్షలూ అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెబుతున్నది. ఆ కమిటీల ముందు ఈ పేజీలు పదిహేను రోజులు ఉంచి, అభిప్రాయాలు రాసుకొని, ఆ తర్వాతే సంఘం ఓటు వేయాలి. పుణె నగరపాలక సంస్థ 2006 నుంచీ బడ్జెట్‌కు పౌరుల సూచనలు తీసుకుంటున్నది. మనకది అసాధ్యమేమీ కాదు.

రాష్ట్ర ప్రభుత్వానికి కూడా ఒక మనవి. పన్ను, రుసుము వేయాలన్నా ఎత్తేయాలన్నా, దానివల్ల నగరానికి ఏర్పడే లోటును అదే ఉత్తర్వులో, అంకెల్లో చెప్పి, భర్తీ చేసే మొత్తాన్ని అదే ఏడాది విడుదల చేయాలి. రాష్ట్ర ఆర్థిక సంఘం ఉన్నది నగరాలకూ రాష్ట్రానికీ మధ్య ఈ పంపకాన్ని తేల్చడానికే.

చెత్త సేకరణకు, తాగునీటికి ఆ మూడు గడుల పేజీ ఎలా ఉండవచ్చో నేను ఒక నమూనా తయారుచేశాను. అంకెల చోట్లు ఖాళీగా ఉన్నాయి, అవి నగరపాలక సంస్థ దగ్గరే ఉంటాయి. ఈ వారం మా వార్డు కార్పొరేటరుకు ఒక ప్రతి ఇచ్చి, వార్డు సచివాలయం నోటీసు బోర్డుమీద మరో ప్రతి పెట్టమని అడగబోతున్నాను. మీ పత్రిక జిల్లా పేజీలో ఆ నమూనాకు కాస్త చోటిస్తే, ఇతర వార్డులవారు కూడా తమ కార్పొరేటరును అదే అడగడానికి వీలవుతుంది. ప్రతిని ఈ లేఖతో జతచేస్తున్నాను.

భవదీయురాలు,
పదవీ విరమణ చేసిన కామర్స్ లెక్చరర్,
అపార్ట్‌మెంటు సంఘం కోశాధికారి,
విశాఖపట్నం